గోదావరి పాత ఇనుప వంతెన చరిత్ర

మన శతవార్షిక సంచికలో రాజమండ్రి రైలు వంతెనను గూర్చిన వ్యాసమెందుకని సంఘస్థులు కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పత్తికొండకు నది లేదు. మన మద్దికెర పొలములలో పుట్టిన హంద్రి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకగానే ఉండి, కర్నూలు వద్ద తుంగభద్రలో కలియును. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలలో మనవారు వజ్రములు వెదకుచు వంగి నడచుచుందురు. వానలు ముదిరి ఎగువ నీరు దిగునాటికి గోదావరి ఒడ్డువారు పడవలను గట్టుకు కట్టుకొందురు. వారి లోకము వేరు, మన లోకము వేరు అనిపించును. అయినను ఆ వంతెన ఎందుకు వచ్చెనో, రాక మునుపు ఏమి జరిగెనో విచారించినచో, ఆ కథలో మన కరవుసీమ కథ కూడ ఒక పాయగా కలిసియున్నదని తెలియును. అందుచేత పెద్దల అనుమతితో ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాము.

మొదట మన ఊరి సంగతియే చెప్పుకొందము. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827వ సంవత్సరము జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా తగిలి మరణించెనని మనకందరకు తెలిసినదే. ఆయన దత్తమండలములను చివరిసారిగా చూచి పోవుటకు వచ్చియుండెను. ఆనాటికి మన దేశములో రైలు లేదు. గవర్నరయినను గుఱ్ఱము మీదనో పల్లకీలోనో పోవలసినదే. దారిలో జబ్బు చేసినచో ఏ ఊరు దగ్గరో ఆ ఊరే గతి. ఆయన దేహమును గుత్తిలో సమాధి చేసి, తరువాత మద్రాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు తరలించిరి. ఇక్కడ ఆయన జ్ఞాపకార్థము గుంట త్రవ్వించి తోపు వేయించిరి. మన పెద్దలు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి. ఆయన పోయిన డెబ్బది మూడు సంవత్సరములకు మరియొక మద్రాసు గవర్నరు పేరు గోదావరి మీద నిలిచెను. కాని ఆ పేరు ఏ తల్లియు తన బిడ్డకు పెట్టుకొన్నట్లు మేము వినలేదు. అది ఇనుమునకు పెట్టిన పేరు.

రాజమండ్రి వద్ద గోదావరిని చూడనివారికి ఆ వెడల్పు చెప్పి ఒప్పించుట కష్టము. పాపికొండల ఇరుకు దాటి వచ్చిన నది అక్కడ విప్పారి, ఈ దరినుండి ఆ దరికి ఒకటిన్నర మైలుకు మించి పరచుకొనును. మరి నాలుగు మైళ్ళు దిగువకు పోగానే ధవళేశ్వరము వద్ద చీలి, గౌతమి యనియు వసిష్ఠ యనియు పాయలుగా సముద్రమునకు పోవును. తూర్పు ఒడ్డున రాజమండ్రి పట్టణము, పడమటి ఒడ్డున కొవ్వూరు. ఎండకాలములో నడుమ ఇసుక తిన్నెలు, లంకలు తేలును. శ్రావణ భాద్రపదములలో ఎఱ్ఱనీరు దిగినప్పుడు తిన్నెలు కనబడవు.

ఆ నదిని మొదట అదుపు చేసినవాడు సర్ ఆర్థర్ కాటన్. 1832-33 నందననామ సంవత్సరపు కరవులో గుంటూరు ప్రాంతము జనము లేక పాడుపడెను. గోదావరి ఒడ్డున ఉండియు మనుష్యులు తిండి లేక చచ్చుట కాటన్‌ను కదిలించెను. 1847లో ధవళేశ్వరము ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిరి. డెల్టా పచ్చబడెను. ఈ భాగము బడి పిల్లలకు కూడ తెలియును. అంతగా తెలియని సంగతి వేరొకటి గలదు. కాటన్ రైళ్ళకు విరోధి. ఈ దేశమునకు కావలసినది ఇనుప పట్టాలు కావు, నీటి కాలువలే. ఒకే కాలువ పొలము తడుపును, పడవనూ నడుపును. రైలు సరకును మోయునే కాని ఒక్క గింజనైన పండించదు, అనునది ఆయన వాదము. జీవితాంతము ఆ వాదమును విడువలేదు.

ఆ వాదమునకు పరీక్ష జరిగినది మన గడ్డ మీదనే. తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి, అక్కడినుండి కర్నూలు, నంద్యాల మీదుగా కడప వరకు కాలువ త్రవ్వినారు. దానినే మనము కె.సి. కెనాలు అందుము. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860 దశకములో ఆ పని చేసెను. నీరు పారించుటకే కాక పడవలు నడుపుటకును దానిని తలపెట్టిరి. పడవల వ్యాపారము అనుకొన్నంత సాగలేదు. రైతులు కూడ మొదట నీటిని అంతగా వాడుకొనలేదు. నల్లరేగడిలో వానకు జొన్న, ప్రత్తి వేసుకొనువానికి రొక్కము చెల్లించి నీరు పెట్టవలెనన్న నమ్మకము కుదరలేదు. కంపెనీ నష్టపడి, 1882లో కాలువను ప్రభుత్వమునకు అప్పగించెను. గోదావరిలో గెలిచిన కాటన్ వాదము కర్నూలులో ఓడెను. అయితే ఓడినది కాలువ కాదనియు, లెక్కలనియు మా అభిప్రాయము. ఆ కాలువయే తరువాత నంద్యాల, కడప వైపు వారికి వరి పెట్టినది. పత్తికొండ మెట్టకు మాత్రము ఆ నీరు ఎక్కలేదు.

ఇంతలో 1876 ధాత సంవత్సరము వచ్చెను. ధాత కరవు మాట ఎత్తితే మన ముసలివారు మొన్నమొన్నటి వరకు గొంతు తగ్గించి మాట్లాడెడివారు. వారును తమ తాతల వలన విన్నదే. 1871 జనాభా లెక్కలకు 1881 లెక్కలకు మధ్య కర్నూలు జిల్లాలో జనము సుమారు నాలుగవ వంతు తగ్గెను. ఆ కరవులో దేశములో ధాన్యము లేకపోలేదు. గోదావరి, కృష్ణా డెల్టాలలో పంట యున్నది. సముద్రము మీద బర్మా బియ్యము మద్రాసు రేవుకు వచ్చి పడుచున్నది. మద్రాసు నుండి రాయచూరు పోవు పెద్ద రైలు మార్గము 1871 నాటికే పూర్తియై, కడప, గుత్తి, ఆదోనిల మీదుగా నడచుచున్నది. అయినను కర్నూలు పట్టణమునకు రైలు లేదు. గుత్తి స్టేషనులో దించిన బస్తాలు బండ్ల మీద పోవలెను. బండ్లు లాగు ఎద్దులు మేత లేక చచ్చుచున్నవి. గోదావరి బియ్యమునకు మన దాక వచ్చు తిన్నని ఇనుపదారి అసలే లేదు.

ఇక్కడ ఒక మాట విడమరచి చెప్పవలసియున్నది. రైలు ఉన్నచో అందరు బ్రదికెడివారని మేము అనుటలేదు. రైలు ఉన్న ఊళ్ళలోను జనము చచ్చిరి. ధాన్యము స్టేషనులో ఉండియు కొనుటకు చేతిలో కాసు లేనివాడు ఆ బస్తాల ప్రక్కనే పడిపోయెను. కరవు పనులలో కూలి వానికి దినమునకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన కాలమది. రాళ్ళు కొట్టు మనిషికి అది చాలునో చాలదో చదువరులే ఊహించుకొనగలరు. అయినను కరవు తరువాత వేసిన కమీషను 1880లో చెప్పినదేమనగా, కరవుసీమలకు రక్షణగా రైలు మార్గములు వేయవలెనని. ఆ మాట ప్రకారము బళ్ళారి వైపు నుండి గుంతకల్లు, ద్రోణాచలము, నంద్యాల మీదుగా కృష్ణా తీరమున బెజవాడ దాక మీటరు గేజి పట్టాలు పరచిరి. మన తుగ్గలి స్టేషను ఆ మార్గములోనిదే. అంటే మనకు నీరు రాకముందే రైలు వచ్చెను. కాటన్ వద్దన్నదే మనకు దక్కెను.

ఆ మార్గము బెజవాడ చేరినందున సగము పని అయ్యెను. బెజవాడకు అవతల ఏమున్నది? ఈస్ట్ కోస్టు రైల్వే వారు 1893 నుండి 1896 లోపల బెజవాడ మొదలు కటకము వరకు తీరము వెంబడి పట్టాలు పరచిరి. ఏలూరు, నిడదవోలు దాటి రైలు కొవ్వూరు వచ్చి ఆగును. ఆ దరిన రాజమండ్రి నుండి మరియొక రైలు సామర్లకోట, వాల్తేరు వైపు పోవును. నడుమ గోదావరి. ప్రయాణికులు మూటలు ముల్లెలతో దిగి, రేవు వరకు నడచి, పడవ ఎక్కి, ఆ దరిన దిగి మరల రైలు ఎక్కవలెను. బస్తాలను కూలీలు మోయవలెను. వరద వచ్చినచో పడవ ఉండదు. ఉన్నను ఎక్కువానికి ధైర్యముండదు. ఇనుపదారికి నడుమ నీటి గండి.

మనవారికి ఆసక్తి కలిగించు సంగతి యింకొకటి. ఈ తీరపు మార్గము పూర్తి కాకముందు మద్రాసు నుండి కలకత్తాకు పట్టాలు వదలకుండ పోవలెనన్న దారి ఏదనుకొన్నారు? మన కడప, గుత్తి, ఆదోనిల మీదుగా రాయచూరు పోయి, బొంబాయి రాజధాని చుట్టి, అక్కడినుండి ఉత్తరాదికి ఎక్కి పోవుటయే. చాలమంది ఆ చుట్టు ఎందుకని ఓడ ఎక్కెడివారు. గోదావరిపై వంతెన పడిన తరువాతనే మన మెట్ట స్టేషనులకు కలకత్తా ప్రయాణికులు కరవైరి.

వంతెన పని 1897 నవంబరు 11వ తేదీన మొదలయ్యెను. ఆ నెలను ఊరక ఎన్నుకొనలేదు. వరదలు తీసి, నీరు తగ్గి, ఇసుక బయటపడు కాలమది. అప్పటినుండి జూన్ వరకు ఏడెనిమిది నెలలే నదిలో పని. జూన్ దాటినచో ఏటి నడుమ మనిషి నిలువరాదు. అట్టి పని కాలములు మూడే వారికి దక్కినవి: 97-98, 98-99, 99-1900. ఈ మూడింటిలో ఏబదియారు కమానుల వంతెన లేపిరి. దీనికి పెద్ద ఇంజనీరు ఫ్రెడరిక్ థామస్ గ్రాన్‌విల్ వాల్టన్. ఆయన అంతకుముందు కాశీ వద్ద గంగపై డఫ్రిన్ వంతెన, అనగా నేటి మాలవీయ వంతెన, కట్టించినవాడు. అది 1887లో తెరిచిరి. గంగ ఇసుకలో నేర్చిన విద్యను గోదావరి ఇసుకకు తెచ్చెను.

ఆ విద్య ఏమిటో కొంచెము చెప్పుదుము. గోదావరి అడుగున రాయి చేతికి అందదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. ఇసుకమీద స్తంభము నిలువదు. ఇసుకమీద ఇల్లు కట్టినవాని సంగతి మన సంఘములో ఎవరికిని చెప్పనక్కరలేదు. అందుకు వారు చేసినది బావులు దించుట. మొదట క్రింద పదునైన ఇనుప అంచు గల వట్రువ దిమ్మెను ఇసుకపై పెట్టుదురు. దానిపైన బావి ఒరవలె గుండ్రముగ గోడ కట్టుదురు. లోపలి ఇసుకను యంత్రపు దోసిళ్ళతో పైకి తోడుచుందురు. తోడిన కొలది ఆ గోడ తన బరువుకు తానే క్రిందికి దిగును. దిగిన కొలది పైన మరల గోడ కట్టుదురు. ఒక ప్రక్కకు ఒరిగినచో ఆ ప్రక్క తోడుట ఆపి రెండవ ప్రక్క తోడి, పైన బరువులు పెట్టి, తిన్నగా చేయుదురు. ప్రవాహము ఎంత లోతు కోసినను కదలని చోటికి చేరిన తరువాత లోపల సున్నపు కాంక్రీటుతో నింపి, ఆ పైన రాతి స్తంభము లేపుదురు. బావి త్రవ్వుట మన రాయలసీమవారికి క్రొత్త కాదు. మనము నీటి కొరకు నేలలో త్రవ్వుదుము. వారు నేల కొరకు నీటిలో త్రవ్విరి.

స్తంభముల మీద ఉక్కు గర్డర్లు. ఒక్కొక్క కమాను నూట ఏబది అడుగులు. ఏబదియారు కమానులకు ఉక్కు భాగమే ఎనిమిది వేల నాలుగు వందల అడుగులు. నడుమ స్తంభముల మందము కూడ కలుపుకొని సుమారు 2.7 కిలోమీటర్లు అని లెక్క చెప్పుదురు. ఆ ఉక్కంతయు ఓడల మీద సీమ నుండి వచ్చినదే. మన దేశములో టాటావారి కర్మాగారమున ఉక్కు కరిగినది 1912లో గాని కాదు. రాయి మనది, సున్నము మనది, ఇసుక మనది, చేతులు మనవి. ఉక్కు మాత్రము పరాయిది. పైన ఒకే ఒక వరుస పట్టాలు వేసిరి. ఎదురుగా వచ్చు రైలు ఆ దరిన ఆగి యుండవలసినదే.

1900వ సంవత్సరము ఆగస్టు 30వ తేదీన వంతెనపై రాకపోకలు ప్రారంభించిరి. నిండు వరదల నెల. నదిని దాటుటకు భయపడు నెలలోనే రైలు నదిని దాటెను. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబాంక్ హేవ్‌లాక్ పేరు దానికి పెట్టిరి. ఆయన గవర్నరుగా ఉన్నది 1896 నుండి 1900 వరకే. నాలుగేండ్ల గవర్నరుకు నూరేండ్ల వంతెన దక్కెను. బావులలో దిగి ఇసుక తోడిన కూలీలలో ఒక్కని పేరైనను ఆ వంతెనకు లేదు. ఇది ఆ కాలపు పద్ధతి. ఏ కాలమందు అట్లు కాదో మాకు తోచుటలేదు.

కాటన్ దొర ఆ దినమును చూడలేదు. ఆయన తొంబదియారేండ్ల వయస్సున 1899 జూలై 24వ తేదీన ఇంగ్లండులో మరణించెను. అప్పటికి తన ఆనకట్టకు నాలుగు మైళ్ళ ఎగువన, తన నది నడుమ, తాను వలదన్న రైలు కొరకు బావులు దిగుచునేయున్నవి. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని ఇప్పుడు తీర్పు చెప్పుట తేలిక. ఆనకట్ట లేనిచో వంతెన మీద పోవుటకు అన్ని బస్తాలు ఉండెడివి కావు. వంతెన లేనిచో ఆ బస్తాలు కరవుసీమకు అంత తొందరగా చేరెడివి కావు. మెట్టవాళ్ళమైన మాకు ఇద్దరును కావలసినవారే. ఒకరు చేసినది మనకు సగమే అందెను. రెండవది అందినను ఆలస్యముగ అందెను.

అదే 1900లో బెంగాలు దేశమున కోలాఘాటు వద్ద రూపనారాయణ నదిపై వంతెన కూడ పూర్తియయ్యెను. మద్రాసు నుండి బెజవాడకు మార్గము అంతకు ముందటి యేడే కలిసెను. దానితో మద్రాసు-హౌరాల మధ్య నదుల గండ్లు పూడినవి. రాజమండ్రి ఇక రేవు పట్టణము కాక స్టేషను పట్టణమయ్యెను. ఈస్ట్ కోస్టు రైల్వేలో వాల్తేరు నుండి ఇటు భాగము 1901లో మద్రాసు రైల్వే చేతికి, 1908లో మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి వచ్చెను. మన గుంతకల్లు-బెజవాడ మార్గము కూడ ఆ కంపెనీదే. అయితే గేజి వేరు. గోదావరి వంతెన దాటి పెద్ద పట్టాల మీద వచ్చిన బియ్యపు బస్తా బెజవాడలో దిగి, కూలి భుజమెక్కి, చిన్న పట్టాల బండిలోనికి మారి, అప్పుడు గాని నంద్యాలకో తుగ్గలికో రాలేదు. వంతెన నదిని కలిపెను గాని పట్టాలను కలుపలేదు. ఆ చిన్న గేజి మన గుంతకల్లు-గుంటూరు మార్గమున 1990 దశకము వరకు మిగిలియుండెను.

సరకులతో పాటు మాటలు కూడ వంతెన దాటినవి. 1907 ఏప్రిల్ నెలలో బిపిన్ చంద్రపాల్ విజయనగరము, విశాఖ, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరు అని వరుసగా ఉపన్యసించుచు వచ్చెను. వందేమాతరము మాట ఊరూర మ్రోగెను. రాజమండ్రిలో కళాశాల విద్యార్థులు శిక్షలకు గురియైరి. ఏడేండ్ల క్రితమైనచో అట్టి సంచారమునకు గోదావరి ఒక పెద్ద అడ్డు. గవర్నరు పేరు పెట్టిన ఉక్కు మీదుగానే గవర్నర్లను పొమ్మను మాట నడచిపోవుట మాకు మిక్కిలి వినోదముగా తోచును.

ఆ వంతెనపై రైలులో పోయినవారు మన సంఘములో కొందరు ఉన్నారు. గట్టుమీద పరుగెత్తునప్పటి చప్పుడు వేరు, వంతెనలోనికి ప్రవేశించగానే వచ్చు చప్పుడు వేరని వారందరు చెప్పుదురు. నిద్రపోవు పిల్లలు కూడ లేచి కూర్చొందురు. కిటికీల నుండి జనము నాణెములు నదిలోనికి విసరుదురు. పడవలలోని పిల్లలు వాటి కొరకు మునుగుదురు. గుక్కెడు నీటికి కడవలు మోయు ఊరినుండి పోయినవారికి, నీటిలో డబ్బు పారవేయుట మొదట వింతగా కనబడినదట. కొవ్వూరు నుండి గోదావరి స్టేషను వరకు ఆ నీరు చూచి, ‘ఇందులో పదో వంతు మన హంద్రికి రాకూడదా’ అని అనని రాయలసీమ మనిషి ఉండడు.

వంతెన గట్టిదనమును గోదావరి చాలసార్లు పరీక్షించెను. 1986 ఆగస్టులో వచ్చిన వరద అన్నిటికంటె పెద్దది. ధవళేశ్వరము వద్ద ముప్పదియైదు లక్షల క్యూసెక్కుల నీరు దిగెను. లంకలు మునిగినవి, ఊళ్ళు కొట్టుకొనిపోయినవి. అప్పటికి ఎనుబదియారేండ్ల వయస్సు గల వంతెన నిలిచెను. దీని ప్రక్కన మన ప్రాంతపు సంగతి ఒకటి పెట్టి చూడుడు. హేవ్‌లాక్ వంతెన తెరిచిన రెండేండ్లకే, 1902 సెప్టెంబరు 12వ తేదీన, కడప జిల్లా మంగపట్నము వద్ద వానకు పొంగిన వాగు వంతెనను కోసివేయగా మెయిలు రైలు అందులో పడి డెబ్బదిమందికి పైగా మరణించిరి. ఏడాది పొడుగున ఎండియుండు వాగు అది. మహానదిని తట్టుకొను వంతెన కట్టగలిగినవారు వాగును చిన్నచూపు చూచిరి. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి నందలూరు, రాజంపేటల మధ్య పట్టాల క్రింది కట్టను మరల కోసుకొనిపోయినప్పుడు మా మనస్సు మంగపట్నము మీదికే పోయెను. కరవుసీమలో నీరు లేనప్పుడు చంపును. వచ్చినప్పుడు హెచ్చరిక లేక వచ్చును.

హేవ్‌లాక్ వంతెన రైలుకే గాని బండికి, మోటారుకు, పాదచారికి కాదు. రైలు దాటిన డెబ్బది నాలుగేండ్ల వరకు కొవ్వూరు-రాజమండ్రిల మధ్య బస్సు దాటుటకు దారి లేదు, లాంచీ యెక్కవలసినదే. 1974లో రెండవ వంతెన వచ్చెను. క్రింద రైలు, పైన రోడ్డు. కలకత్తాకు చెందిన బ్రెయిత్‌వెయిట్, బర్న్ అండ్ జెస్సప్ కంపెనీ దానిని కట్టెను. ఈసారి సీమ ఉక్కు కొరకు ఎదురు చూడలేదు. దానితో పాత వంతెన మీద ఒక దిక్కు రైళ్ళు, క్రొత్త దాని మీద ఒక దిక్కు రైళ్ళు నడచుటకు వీలయ్యెను. పిమ్మట మూడవది, విల్లులవంటి కాంక్రీటు కమానులు గలది, 1991లో మొదలై 1997లో సిద్ధమయ్యెను. దానిని హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టెను. ఇప్పుడు గోదావరి చిత్రమనగానే పటములలో వేయునది ఆ విల్లులనే.

మూడవది రాగానే మొదటిదానిని విశ్రమింపజేసిరి. తొంబదియేడేండ్ల సేవ. ఆవిరి యింజను బరువుకు లెక్క కట్టిన గర్డర్లమీద అంతకంతకు బరువెక్కిన గూడ్సులు నడిచిన పిమ్మట అంతకంటె కోరుట అన్యాయమే. కాని సేవ చాలించిన ఇనుమును ఏమి చేయవలెను? అమ్మివేయుదమని కొందరు, ఉంచుదమని రాజమండ్రి ప్రజలు. పాత ఇనుమునకు మంచి ధర వచ్చునన్న మాట ఎప్పుడును ఉండనే యున్నది. రాజమండ్రివారు ఊరుకొనలేదు; విన్నపములు పెట్టిరి, సభలు చేసిరి. వంతెన మిగిలెను. దానిని విహారస్థలముగా తీర్చు ఆలోచన ఏండ్ల తరబడి నలిగి, చివరకు 2025 జూన్ మాసమున ‘అఖండ గోదావరి’ పథకమున చేరి శంకుస్థాపన పొందెను. 2027లో రానున్న గోదావరి పుష్కరముల లోపల పని చేయవలెనని ఉద్దేశము.

మన వైపు ఇనుప వంతెనకు అట్టి అదృష్టము కలుగలేదు. ధాత కరవు తరువాత మనకొరకు వేసిన మీటరు గేజి మార్గమున, నంద్యాల దాటి నల్లమలలో చలమ, బోగడల మధ్య దొరబావి వంతెన యుండెను. 1884లో మొదలుపెట్టి 1887 నాటికి ముగించిరి. అంటే గోదావరి వంతెనకు పదమూడేండ్లు పెద్దది. లోయ అడుగునుండి లేచిన ఎత్తైన స్తంభములపై రైలు నింపాదిగా పోవుచుండగా చిన్నవారు క్రిందికి చూచుటకు భయపడెడివారు. పెద్ద గేజి వేసినప్పుడు మార్గమును ప్రక్కకు మరల్చిరి. దొరబావి ఇనుమును ఊడదీసి అమ్మివేసిరి. దానికొరకు సభ చేయుటకు ఆ అడవిలో పట్టణము లేదు. నంద్యాలలోను, ఇక్కడ మన ఊళ్ళలోను ఉన్నవారము మనమును చేయలేదు. స్తంభములు మాత్రము అడవి నడుమ మిగిలినవి. గుంటూరు మిరప కోతలకు పోవు మన కూలీలు ఏటేట మాఘ ఫాల్గుణములలో ఆ ప్రక్కనుండియే రైలులో పోవుదురు.